నెట్ లేని చోట ఫొటోల బ్యాకప్: లద్దాఖ్‌లో ఎనిమిది రోజులు మేం వాడిన పద్ధతి

ట్రిప్‌కి ముందు ఫోన్ కెమెరా గురించి మనం చేసే రీసెర్చ్ అంతా ఇంతా కాదు. ఓఐఎస్ ఉందా, నైట్ మోడ్ ఎలా ఉంది, 4కే 60 ఎఫ్‌పీఎస్‌లో తీస్తే వేడెక్కుతుందా, అన్నీ చూస్తాం. తీసిన ఫొటో ఇంటికి చేరేదాకా ఎక్కడ ఉంటుంది అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే వచ్చే జవాబు ఒకటే: "గూగుల్ ఫొటోస్ ఆన్‌లో ఉంది కదా బ్రో."

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఉంటే ఆ జవాబు కరెక్టే. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటుంది, ఫోన్ రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంటుంది, బ్యాకప్ ఎప్పుడు అయిందో కూడా మనకి తెలీదు. ట్రిప్‌లో ఈ మూడూ ఉండవు. పైగా ఫోన్ పోవడానికి, నీళ్లలో పడటానికి, పగలడానికి ఎక్కువ అవకాశం ఉన్నది కూడా సరిగ్గా అప్పుడే. అందుకే ట్రిప్ జరిగినన్ని రోజులు నేను క్లౌడ్‌ని బ్యాకప్ లెక్కలో వేసుకోను. అయితే బోనస్, అంతే. అసలు కాపీ రోజూ రాత్రి పడుకునే ముందు, నెట్‌తో పని లేకుండా, ఫోన్ నుంచి నేరుగా ఇంకో వస్తువులోకి వెళ్లాలి. ఆ వస్తువు నా దగ్గర కాకుండా వేరే మనిషి బ్యాగులో ఉండాలి.

ఇదేదో కాన్ఫరెన్స్ స్లైడ్‌లో చూసి చెప్తున్నది కాదు. 2024 సెప్టెంబర్‌లో నేను, మా నాన్న, నా బీటెక్ రూమ్మేట్లు ఇద్దరు కలిసి లద్దాఖ్ వెళ్లాం. మొత్తం ఎనిమిది రోజులు. నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్‌గా చేసి ఆ ఏడాదే రిటైర్ అయ్యారు. ఖార్దుంగ్ లా రోడ్డు వీడియోలు యూట్యూబ్‌లో వందసార్లు చూసి ఉంటారు. "ఆ మలుపుల్లో బస్సు ఎట్లా తిప్పుతాడో ఒక్కసారి చూడాలిరా" అని ఎన్నాళ్ల నుంచో అనేవారు. కాబట్టి ఈ ట్రిప్ ఫొటోలు ఇన్‌స్టా కోసం కాదు. మళ్లీ తీయగలిగే ఫొటోలు కూడా కాదు.

ముందు సిమ్ సంగతి

లద్దాఖ్ వెళ్లేవాళ్లలో చాలామందికి లేహ్‌లో దిగాకే తెలిసే విషయం ఇది. జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లలో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ అయితేనే సిగ్నల్ వస్తుంది. మా నలుగురిలో పోస్ట్‌పెయిడ్ ఉన్నది నా ఒక్కడికే, అదీ ఆఫీసు పుణ్యమా అని. మిగతా ముగ్గురి ఫోన్లు ఎయిర్‌పోర్టు దాటగానే వైఫై ఉన్న కెమెరాలు అయిపోయాయి. లేహ్ టౌన్‌లో నా ఫోన్‌కి 4జీ వచ్చింది కానీ, అక్కడి నుంచి నుబ్రా, ష్యోక్ లోయ, పాంగాంగ్ అంటూ ముందుకు వెళ్లేకొద్దీ గంటల తరబడి ఏ నెట్‌వర్కూ లేదు.

హోటల్ వైఫై ఉంటుందిగా అంటారా? ఒక లెక్క వేద్దాం. మా వాడి ఫోన్‌లో మొదటి మూడు రోజులకి 640 ఫొటోలు, 71 వీడియోలు కలిపి 38 జీబీ అయింది. ఎక్కువ అనిపిస్తుందేమో, కాదు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో ఆపిల్ వాళ్లు ఇచ్చిన లెక్క ప్రకారమే హై ఎఫిషియెన్సీ ఫార్మాట్‌లో 4కే 30 ఎఫ్‌పీఎస్ వీడియో నిమిషానికి 170 ఎంబీ, 4కే 60 అయితే 400 ఎంబీ. రెండు నిమిషాల వీడియోలు నాలుగు తీస్తే మూడు జీబీ దాటిపోవచ్చు.

ఇప్పుడు ఆ 38 జీబీని హోటల్ వైఫైలో పంపాలి. అందరూ కలిసి వాడుకునే వైఫైలో అప్‌లోడ్ స్పీడ్ 2 ఎంబీపీఎస్ దొరికితే అదృష్టం. ఆ స్పీడ్‌లో 38 జీబీ ఎక్కడానికి 42 గంటలు పడుతుంది. మనం హోటల్లో ఉండేది రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా. మధ్యలో కరెంటు పోతే రూటర్ ఆగుతుంది, ఫోన్ బ్యాటరీ సేవర్‌లోకి వెళ్తే బ్యాక్‌గ్రౌండ్ అప్‌లోడ్ ఆగుతుంది. స్పీడ్ టెస్ట్ చేసేటప్పుడు మనం డౌన్‌లోడ్ నంబర్ చూసి సంబరపడతాం. బ్యాకప్‌కి కావాల్సింది కింద చిన్నగా కనిపించే ఆ రెండో నంబర్.

సరే, స్పీడ్ బాగానే వచ్చిందనుకుందాం. జాగా ఉందా? గూగుల్ ఫొటోస్‌లో ఉచిత అన్‌లిమిటెడ్ స్టోరేజ్ 2021 జూన్ 1 నుంచి ఆగిపోయింది. ఇప్పుడు ఫ్రీగా ఇచ్చేది 15 జీబీ, అది కూడా జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి. ఐక్లౌడ్‌లో అయితే 5 జీబీయే. నాన్న అకౌంట్‌లో 15కి 14.2 జీబీ అప్పటికే నిండి ఉంది. అందులో ఎక్కువ భాగం వాట్సాప్ గుడ్ మార్నింగ్ ఫొటోలే అని వేరే చెప్పాలా?

సింక్ వేరు, బ్యాకప్ వేరు

ఇది మన ఇంజనీర్లలో కూడా చాలామంది కలిపేసే విషయం. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోని యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లో ఉన్నదీ పోతుంది, ఫోన్‌లో ఉన్నదీ పోతుంది. బ్యాకప్ అయినవైతే ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి, బ్యాకప్ కానివైతే 30 రోజులే. ఐక్లౌడ్ ఫొటోస్ కూడా ఇదే పద్ధతి, ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా పోతుంది. అంటే మీ దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు కాపీలు కాదు, ఒకే కాపీకి రెండు అద్దాలు. అసలు కాపీ అంటే ఒకచోట తప్పు జరిగినా రెండోది చెక్కుచెదరకుండా ఉండాలి.

"ఫ్రీ అప్ స్పేస్" బటన్ ఉంది చూశారా, ట్రిప్‌లో దాని జోలికి వెళ్లకండి. అది బ్యాకప్ అయిన వాటినే ఫోన్‌లోంచి తీసేస్తుంది, నిజమే. కానీ ఆ క్షణం నుంచి మీకు మిగిలేది ఒక్క కాపీ. అదీ స్టోరేజ్ సేవర్ మోడ్‌లో ఉంటే ఫొటోలు 16 మెగాపిక్సెల్‌కి, వీడియోలు 1080పీకి కుదించి ఉంటాయి. 50 మెగాపిక్సెల్‌లో తీసిన పాంగాంగ్ ఇంటికొచ్చేసరికి చిక్కిపోతుంది.

వాట్సాప్ గ్రూపులో పడేస్తే అదే బ్యాకప్ అనుకునేవాళ్లు ఇంకొందరు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని కుదిస్తుంది, తీసిన టైమ్, లొకేషన్ వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ అలాగే వెళ్తుంది, ఫైల్ 2 జీబీ దాకా ఉండొచ్చు. ముఖ్యమైన ఐదారు ఫొటోలకి ఇది నిజంగా మంచి దారి. సిగ్నల్ దొరికిన పది నిమిషాల్లో ఆ రోజు బెస్ట్ ఫొటోలు మూడింటిని అమ్మకి డాక్యుమెంట్‌గా పంపేవాణ్ని. ఆవిడ "ఇది ఓపెన్ అవ్వట్లేదురా" అని తిట్టుకున్నా సరే.

ఏ వస్తువులోకి కాపీ చేయాలి?

మొదట ఏది వద్దో చెప్తాను. పోర్టబుల్ హార్డ్ డిస్క్. మైదాన ప్రాంతంలో తక్కువ ధరకి ఎక్కువ జాగా కావాలంటే అది ఇప్పటికీ మంచిదే. లద్దాఖ్‌కి మాత్రం కాదు. కారణం చాలామంది అనుకున్నట్టు కుదుపులు ఒక్కటే కాదు, గాలి. హార్డ్ డిస్క్‌లో తిరిగే ప్లేటు మీద రీడ్ హెడ్ ఆనదు, కొన్ని నానోమీటర్ల ఎత్తులో గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. గాలి పల్చబడితే ఆ పొర బలం తగ్గి, హెడ్ ప్లేటుకి దగ్గరవుతుంది. అందుకే మామూలు హార్డ్ డిస్కుల స్పెసిఫికేషన్ షీట్‌లో వాడదగ్గ గరిష్ఠ ఎత్తు 3,048 మీటర్లు, అంటే 10,000 అడుగులు అని రాసి ఉంటుంది. లేహ్ టౌనే సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు. అంటే విమానం దిగిన క్షణం నుంచే మీ హార్డ్ డిస్క్ దాని లిమిట్ దాటి ఉన్నట్టు. ఆన్ చేయకుండా బ్యాగులో ఉంచితే ఏమీ కాదు, కానీ ఆన్ చేయనిదానికి మోసుకెళ్లడం దేనికి?

ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు కాబట్టి ఈ గొడవ లేదు. మేం తీసుకెళ్లింది 1 టీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీ ఒకటి, రెండు వైపులా పిన్ ఉండే 128 జీబీ టైప్-సి పెన్‌డ్రైవ్ ఒకటి. ఎస్ఎస్‌డీ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. దాన్ని నాన్న తన షేవింగ్ సామాను సంచిలో పెట్టుకున్నారు. దొంగ ఎవడూ షేవింగ్ సంచి తీసుకుపోడు అన్నది ఆయన లాజిక్. నాకు కాదనడానికి ఏమీ దొరకలేదు.

పెన్‌డ్రైవ్ చాలదా? చిన్న ట్రిప్‌కి చాలు. కానీ బాక్స్ మీద రాసిన స్పీడ్ చదివే స్పీడ్, రాసే స్పీడ్ కాదు. మా 128 జీబీది మొదటి రెండు మూడు జీబీలు చకచకా రాసి, తర్వాత వేడెక్కి సెకనుకి 18 ఎంబీకి పడిపోయింది. పది జీబీకి తొమ్మిది పది నిమిషాలు. ఫర్వాలేదు, అన్నం తిని వచ్చేలోపు అయిపోతుంది.

ఎట్టి పరిస్థితుల్లోనూ కొనకూడనిది ఒకటుంది. ఆన్‌లైన్‌లో 599 రూపాయలకి "2 టీబీ పెన్‌డ్రైవ్" అని కనిపిస్తుంది చూడండి, అది. లోపల ఉండేది 16 లేదా 32 జీబీ చిప్. దాని కంట్రోలర్ ఫర్మ్‌వేర్‌ని మార్చి 2 టీబీ ఉన్నట్టు అబద్ధం చెప్పిస్తారు. మీరు కాపీ చేస్తే ఎర్రర్ రాదు, ఫైళ్ల పేర్లూ సైజులూ అన్నీ కనిపిస్తాయి. అసలు జాగా నిండాక మాత్రం పాతవాటి మీదే కొత్తవి రాస్తుంది, లేదా రాసినట్టు నటిస్తుంది. ఇంటికొచ్చి ఓపెన్ చేస్తే సగం ఫొటో బూడిద రంగు. ఏ డ్రైవ్ కొన్నా ట్రిప్‌కి ముందు విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్ లేదా మ్యాక్‌లో ఎఫ్3 అనే ఉచిత టూల్‌తో మొత్తం నింపి, తిరిగి చదివించి చూడండి. రాత్రంతా పట్టినా పట్టనివ్వండి.

ఖర్చు వద్దనుకుంటే ఇంట్లో డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్ తీయండి. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే 128 జీబీ మోడల్‌లో వంద జీబీ దాకా ఖాళీ దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్ రెండు ఫోన్ల మధ్య నేరుగా కనెక్ట్ అవుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. స్క్రీన్ ఉంటుంది కాబట్టి ఫొటో వచ్చిందో లేదో అక్కడే చూసుకోవచ్చు. బ్యాటరీ చూసుకోవాల్సి రావడం ఒక్కటే ఇబ్బంది. చలిలో పాత బ్యాటరీలు 40 శాతం చూపిస్తూనే ఆఫ్ అయిపోతాయి.

ఫోన్ వైపు నుంచి వచ్చే చిక్కులు

మంచి ఎస్ఎస్‌డీ కొన్నా ఫోన్ పోర్ట్ నెమ్మదిగా ఉంటే ఏం లాభం? టైప్-సి ఉన్నంత మాత్రాన స్పీడ్ ఉన్నట్టు కాదు. మన మార్కెట్‌లో మిడ్ రేంజ్ ఫోన్లలో చాలావాటికి ఇప్పటికీ యూఎస్‌బీ 2.0నే, అంటే కాగితం మీద 480 ఎంబీపీఎస్, చేతికి వచ్చేది సెకనుకి 35-40 ఎంబీ. ఐఫోన్ 15లో కూడా మామూలు మోడల్‌కి యూఎస్‌బీ 2, ప్రో మోడల్‌కి మాత్రమే యూఎస్‌బీ 3. అలాగని భయపడనక్కర్లేదు. ఆ 38 జీబీ మొత్తం ఒకేసారి కాపీ చేసినా 16 నిమిషాలు. అదే వైఫైలో అయితే 42 గంటలని ఇందాక అనుకున్నాం కదా. రోజువారీగా 12 జీబీ అయితే ఐదు నిమిషాల పని.

మొదటి రాత్రి లేహ్‌లో మా ఇద్దరి ఫోన్లలో డ్రైవ్ పెడితే అసలు కనిపించలేదు. కొన్ని బ్రాండ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఓటీజీ అనే స్విచ్ సెట్టింగ్స్‌లో వేరుగా ఉంటుంది, పది నిమిషాలు వాడకపోతే దానంతట అదే ఆఫ్ అవుతుంది. సెట్టింగ్స్ సెర్చ్‌లో ఓటీజీ అని కొట్టి ఆన్ చేస్తే చాలు. డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి తీసుకెళ్లండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, ఎన్‌టీఎఫ్ఎస్‌ని అన్ని ఫోన్లూ చదవవు. ఎక్స్‌ఫ్యాట్‌కి ఉన్న లోపం ఏంటంటే అందులో జర్నలింగ్ లేదు. రాస్తుండగా కేబుల్ పీకితే మొత్తం ఫైల్ టేబుల్ పాడవ్వచ్చు. ఇజెక్ట్ నొక్కి, రెండు క్షణాలు ఆగి తీయండి.

ఫైల్స్ యాప్‌లో "మూవ్" కాదు, "కాపీ". మూవ్ చేస్తే మళ్లీ ఒక్క కాపీయే మిగులుతుంది, మనం పడిన శ్రమకి అర్థమే లేదు. డీసీఐఎం ఫోల్డర్‌లోని కెమెరా ఫోల్డర్ తెరిచి, ఆ రోజు ఫైళ్లు సెలెక్ట్ చేసి, డ్రైవ్‌లో "రోజు 3, నాన్న" లాంటి ఫోల్డర్‌లోకి కాపీ చేస్తాం. నలుగురికి నాలుగు ఫోల్డర్లు, రోజుకో సెట్. ఐఫోన్ వాళ్లు ఫొటోస్ యాప్‌లో షేర్ నొక్కాక పైన కనిపించే ఆప్షన్స్‌లో "ఆల్ ఫొటోస్ డేటా" ఆన్ చేసి, ఆ తర్వాత "సేవ్ టు ఫైల్స్" ఎంచుకోవాలి. లేకపోతే ఎడిట్ చేసిన కాపీ ఒక్కటే వెళ్లి ఒరిజినల్ రాకపోవచ్చు.

నాలుగో రోజు

నాలుగో రోజు పొద్దున హుందర్ నుంచి బయల్దేరి డిస్కిట్ వెళ్లాం. అక్కడ కొండ మీద 32 మీటర్ల మైత్రేయ బుద్ధుడి విగ్రహం ఉంది. ఆ తర్వాత ష్యోక్ నది పక్క నుంచి పాంగాంగ్ దారి పట్టాం. మధ్యలో ఒక టీ కొట్టు దగ్గర ఆగితే, అక్కడ ఆర్మీ ట్రక్కు నడిపే జవాను ఒకతను నాన్న తెలుగు విని దగ్గరికొచ్చాడు. శ్రీకాకుళం జిల్లా అట. అరగంట సేపు ఇద్దరూ గేర్లు, బ్రేకులు, మంచులో చైన్లు కట్టడం గురించి మాట్లాడుకున్నారు. "మాకు ఘాట్ రోడ్డు అంటే మారేడుమిల్లే బాబూ, నువ్వు రోజూ దీని మీదే తిరుగుతున్నావా" అని నాన్న అంటుంటే మావాడు వీడియో తీశాడు. ఆ కుర్రాడిని అడిగే తీశాడు.

అక్కడి నుంచి గంట ప్రయాణం తర్వాత రోడ్డుకి అడ్డంగా మంచు కరిగి పారే వాగు వచ్చింది. ముందున్న బండి ఇరుక్కుంటే మావాడు దిగి తోయడానికి వెళ్లాడు. జాకెట్ జేబులోంచి ఫోన్ జారి నీళ్లలో పడింది. మోకాలి లోతే, కానీ ఆ వడికి రాళ్లే దొర్లుతున్నాయి. ఇరవై నిమిషాలు వెతికాం, చేతులు మొద్దుబారాయి, దొరకలేదు.

మా గ్రూపులో మంచి కెమెరా ఉన్నది ఆ ఫోన్‌కే. మూడు రోజుల ఫొటోల్లో సగానికి పైగా అందులోవే. ఖార్దుంగ్ లా బోర్డు పక్కన నాన్న నిలబడ్డ ఫొటో, బండి డ్రైవర్ అనుమతితో ఆగి ఉన్న బండి స్టీరింగ్ పట్టుకుని ఆయన కూర్చున్న ఫొటో, రెండు మూపుల ఒంటెల్ని చూసి ఆయన నవ్విన వీడియో, అన్నీ. మూడో రోజు రాత్రి హుందర్‌లో టెంట్‌లో కూర్చుని చేసిన కాపీ షేవింగ్ సంచిలో ఉంది కాబట్టి అవన్నీ ఉన్నాయి. నాలుగో రోజు పొద్దుటివి మాత్రం పోయాయి. డిస్కిట్‌లో తీసినవి 40 దాకా ఫొటోలు, టీ కొట్టు దగ్గర వీడియో. డిస్కిట్ ఫొటోలు నా ఫోన్‌లో కూడా ఉన్నాయి. ఆ వీడియో ఇంకెవరి దగ్గరా లేదు.

నాన్న ఫోన్ ఖరీదు ఎంత అని కూడా అడగలేదు. "ఆ శ్రీకాకుళం పిల్లాడిది కూడా పోయిందా?" అన్నారు, అంతే. ఆ రాత్రి పాంగాంగ్‌లో తన చిన్న డైరీలో ఆ కుర్రాడి పేరు, ఊరు, బండి నంబర్ గుర్తున్నంత వరకు రాసుకున్నారు.

ఐదో రోజు నుంచి మేం మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా ఒక కాపీ చేయడం మొదలుపెట్టాం. ఆర్డర్ ఇచ్చి తుక్పా వచ్చేలోపు ఐదు నిమిషాలు చాలు. పెన్‌డ్రైవ్ దానికే కేటాయించాం. మధ్యాహ్నం పెన్‌డ్రైవ్, రాత్రి ఎస్ఎస్‌డీ. మొదటిది నా దగ్గర, రెండోది నాన్న దగ్గర.

ఓటీపీ ఎవరికి వస్తుంది?

ఫోన్ పోయిన సాయంత్రం ఇంకో సంగతి బయటపడింది. మావాడు హోటల్ వైఫైలో నా ఫోన్ నుంచి తన గూగుల్ అకౌంట్‌లోకి లాగిన్ అవుదామని చూశాడు. పాస్‌వర్డ్ కరెక్టే. గూగుల్ ఏమో "మీ ఫోన్‌కి వచ్చిన ప్రాంప్ట్ మీద యెస్ నొక్కండి" అంటుంది. ఆ ఫోన్ వాగులో ఉంది. ఎస్ఎంఎస్ పంపమంటే ఆ సిమ్ కూడా దానితోనే పోయింది. క్లౌడ్‌లో ఏదైనా ఎక్కి ఉన్నా సరే, ఊరికి వచ్చి డూప్లికేట్ సిమ్ తీసుకునేదాకా అది తాళం వేసిన గదే.

దీనికి మందు ఇప్పటికే మీ అకౌంట్‌లో ఉంది. గూగుల్ టూ స్టెప్ వెరిఫికేషన్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ కోడ్స్ అని పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే... చెప్పక్కర్లేదనుకుంటా.

పోయిన ఫోన్‌ని బ్లాక్ చేయడానికి కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సీఈఐఆర్ ఉంది, పోలీసు ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ నంబర్ కావాలి. అది ఫోన్‌ని ఆపుతుంది కానీ ఫొటోలు తిరిగివ్వదు. ఐఎంఈఐ నంబర్ కూడా ఆ కాగితం మీదే రాసుకుంటే మంచిది.

కాపీ అయిందని ఎలా తెలుసు?

టెక్ ప్రపంచంలో పాత కథ ఒకటుంది, మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1998లో పిక్సార్‌లో టాయ్ స్టోరీ 2 పని జరుగుతుండగా ఎవరో సర్వర్‌లో డిలీట్ కమాండ్ కొట్టారు. సినిమా ఫైళ్లు చాలావరకు పోయాయి. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే ఆ బ్యాకప్ సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. చివరికి గ్యాలిన్ సుస్మన్ అనే సూపర్వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ కొత్తగా బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచి పనిచేస్తూ, ఇంటి కంప్యూటర్‌లో ఒక కాపీ పెట్టుకున్నారు. సినిమాని బతికించింది అదే. పిక్సార్‌కే అలా జరిగితే మన పెన్‌డ్రైవ్ సంగతి చెప్పాలా.

మేం చేసే చెక్ రెండు నిమిషాలది. ఫోన్‌లో సెలెక్ట్ చేసిన ఫైళ్ల సంఖ్య, డ్రైవ్ ఫోల్డర్‌లో ఉన్న సంఖ్య సరిపోయాయా చూస్తాం. మొత్తం సైజు చూస్తాం. డ్రైవ్‌ని ఇజెక్ట్ చేసి మళ్లీ పెట్టి, అందులోంచి చివరి ఫొటో తెరుస్తాం. అన్నిటికంటే పెద్ద వీడియోని తెరిచి చివరి పది సెకన్లకి జరిపి ప్లే చేస్తాం. సగంలో ఆగిపోయిన కాపీ దొరికేది అక్కడే. ఒకసారి నిజంగానే దొరికింది, ఆరో రోజు కేబుల్ వదులై 3 జీబీ వీడియో 1.1 జీబీ దగ్గర ఆగింది. మళ్లీ కాపీ చేశాం, అయిపోయింది.

మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట అనే 3-2-1 సూత్రం మీరు వినే ఉంటారు. దాన్ని ప్రచారంలోకి తెచ్చింది సర్వర్ అడ్మిన్ కాదు, పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్. ట్రిప్‌లో "వేరే చోట" అంటే వేరే మనిషి బ్యాగు. ఇది మన యాత్రలకి ఇంకా ముఖ్యం. తిరుమలలో దర్శనానికి ముందు ఫోన్ డిపాజిట్ చేయాలి, కాశీ విశ్వనాథుడి గుడిలోకి కూడా ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ఇంటిల్లిపాది ఫోన్లు, కెమెరా, దానితో పాటు బ్యాకప్ డ్రైవ్ కూడా ఒకే సంచిలో వేసి ఒకే లాకర్‌లో పెడితే ఆ రెండు గంటలు మీకు ఉన్నది ఒక్క కాపీయే. డ్రైవ్‌ని రూమ్‌లోనే సూట్‌కేస్‌లో వదిలేయండి.

గోప్రో, డ్రోన్ తీసుకెళ్లేవాళ్లకి ఒక్క మాట. మైక్రో ఎస్‌డీ కార్డు నిండితే ఫార్మాట్ చేయకండి, ఇంకో కార్డు వేయండి. రెండు 64 జీబీ కార్డులు ఒక 128 జీబీ కార్డు కంటే మంచివి అని నా అభిప్రాయం. కార్డు గోరంత ఉంటుంది కాబట్టి పోగొట్టుకోవడం కూడా తేలికే, డబ్బా తప్పనిసరి.

ఎస్ఎస్‌డీకి పాస్‌వర్డ్ పెట్టాలా అంటే, కొన్ని మోడళ్లలో ఆ సదుపాయం ఉంది కానీ ప్రతి ఫోన్‌లోనూ వాళ్ల యాప్ వేసుకోవాలి. నలుగురి ఫోన్లతో అది తలనొప్పి, మేం పెట్టలేదు. బదులుగా కెమెరా ఫోల్డర్ ఒక్కటే కాపీ చేశాం. ఆధార్, పాన్, బోర్డింగ్ పాస్ స్క్రీన్‌షాట్లు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, వాటిని ముట్టుకోలేదు.

ఇంటికొచ్చాక

తిరిగొచ్చిన రోజే ఎస్ఎస్‌డీలోని మొత్తం 96 జీబీని ల్యాప్‌టాప్‌లోకి దింపాను. అక్కడి నుంచి ఇంటి ఫైబర్ మీద క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెట్టాను. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో లెక్క ప్రకారం పదకొండు గంటలు పట్టాలి, నిజంగా పట్టింది రెండు రాత్రులు. క్లౌడ్‌లో సంఖ్య సరిపోయిందని చూసుకునేదాకా ఎస్ఎస్‌డీలో ఏదీ డిలీట్ చేయలేదు. ఆ తర్వాత కూడా నెల రోజులు అలాగే ఉంచాను, ఎలాగూ వేరే పని లేదు దానికి. అలాగని ఎస్ఎస్‌డీని బీరువాలో పెట్టి ఐదేళ్లు మర్చిపోవద్దు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి ఉంటే ఫ్లాష్ మెమరీలో ఛార్జ్ మెల్లగా తగ్గిపోతుంది, డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ప్రయాణానికి అది బెస్ట్, ఇంట్లో దీర్ఘకాలం దాచడానికి మాత్రం హార్డ్ డిస్కే. మా ఊరు 3,000 మీటర్ల ఎత్తులో లేదు కాబట్టి.

ఈ డిసెంబర్‌లో నాన్న, అమ్మ, మా పెద్దనాన్న వాళ్లు కలిసి పన్నెండు మంది కాశీ వెళ్తున్నారు, నేను వెళ్లట్లేదు. నా పాత ఫోన్‌ని రీసెట్ చేసి, క్విక్ షేర్ ఎలా వాడాలో నాన్నకి రెండు సాయంత్రాలు చూపించాను. రెండో రోజు ఆయనే పెద్దనాన్నకి ఫోన్ చేసి చెప్తున్నారు: "అన్నయ్యా, రోజూ రాత్రి అందరి ఫొటోలూ నాకు ఇవ్వాలి. ఆ ఫోన్ మాత్రం వదిన దగ్గర ఉంటుంది, నా దగ్గర కాదు."